అగస్త్యకూటపు చెప్పుపూవు: నిషేధముతో పాటు నారుమడియు కావలెను



వరి నారును గురించియు, వేరుశెనగ తెగుళ్లను గురించియు చదువుటకై ఈ పత్రికను తెరచిన మీకు, ఎక్కడో కేరళ సరిహద్దు కొండలపై పూచు ఒక అడవి పూవును గురించి వ్రాయుట వింతగా తోచవచ్చును. ఆ మొక్క పశువులకు మేత కాదు. మన మార్కెట్టు యార్డులో దానికి ధర లేదు. మన రాష్ట్రములో అది పెరుగదు కూడ. అయినను రెండు కారణములచేత దానిని గురించి మీకు చెప్పవలసియున్నది.

మొదటిది, ఆ పూవును కాపాడు చట్టపు పట్టికలోనే మన శేషాచలపు కొండల మొక్క ఒకటి చేరియున్నది. దానిని గురించి చివర చెప్పెదను. రెండవది, తరిగిపోవుచున్న ఒక మొక్కను నిలుపుటకు నిషేధము ఒక్కటే చాలునా, లేక సాగు కూడ తోడు కావలెనా అను ప్రశ్న సాగుచేయువారికి చెందినది. అటవీశాఖవారే దానిని తేల్చవలెనని మనము ఊరకుండరాదు. నా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాను. నిషేధము అవసరమే, దానిని సడలించరాదు. కాని విత్తనమునుండి మొక్కను పెంచి, చట్టబద్ధముగా అమ్ము నారుమళ్లు లేనిదే ఆ నిషేధము కొండపై మొక్కను నిలుపలేదు.

మొక్క స్వరూపము

ఆర్కిడ్ కుటుంబము పూచు మొక్కల కుటుంబములలో మిక్కిలి పెద్దవానిలో ఒకటి. ఇందు 25,000కు పైగా జాతులు కలవు. మన తోటలలోను, తూర్పు కనుమల అడవులలోను చెట్ల కొమ్మలపై పెరుగు ఆర్కిడ్లను చూచి బదనిక యని భ్రమపడి పెరికివేయువారు కలరు. ఇది సరికాదు. బదనిక కొమ్మలోనికి వేరు దింపి చెట్టు రసమును పీల్చును. ఆర్కిడ్ కొమ్మను ఆనుకొని యుండునేగాని చెట్టు ఆహారమును తీసికొనదు. మరికొన్ని ఆర్కిడ్లు చెట్లపై గాక నేలమీదనే, రాళ్ల సందులలోనే పెరుగును. మనము చెప్పుకొనబోవునది అట్టిది.

ఈ కుటుంబములో ఒక తెగ పూవులకు క్రింది రేకు చెప్పు మునివలె, చిన్న సంచివలె ఉబ్బియుండును. అందుచే ఇంగ్లీషువారు వీనిని స్త్రీల చెప్పుతో పోల్చి పిలిచినారు. మనము చెప్పుపూవు లందము. ఆ సంచిలో తేనె ఉండదు. పూవు రంగునకో వాసనకో మోసపోయి వచ్చిన పురుగు జారి లోపల పడును. సంచి గోడలు నునుపు, కావున వచ్చిన దారిని తిరిగిపోలేదు. వెనుకవైపున వెండ్రుకలు పట్టుకొని ఎక్కుటకు ఒక ఇరుకు దారి కలదు. ఆ దారిన పోవునపుడు పురుగు మొదట కీలాగ్రమును రాచుకొని, పిమ్మట పుప్పొడిని వీపున అంటించుకొని బయటపడును. అది మరల మరియొక పూవులో పడినచో ఫలదీకరణ జరుగును. ఇట్లు రెండుమారులు మోసపోవు పురుగు దొరకవలెను గనుక అడవిలో కాయలు పట్టుట తక్కువ.

కేరళ, తమిళనాడు సరిహద్దున, పడమటి కనుమల దక్షిణపు కొసన అగస్త్యమల కొండలు కలవు. అందు అగస్త్యకూట శిఖరము ఎత్తు 1,868 మీటర్లు. ఈ కొండలలో ఎత్తైన చోట్ల, గడ్డి పెరుగు వాలులలో, రాతి సందులలో ఎండకు ఓర్చి పెరుగు చెప్పుపూవు ఒకటి కలదు. దాని శాస్త్రీయ నామము పాఫియోపెడిలం డ్రూరియై. ఆకులు మచ్చలు లేని పచ్చని రంగు, తోలువలె దళసరి. కాడకు ఒకటే పూవు. పూవు పసుపు రంగు. పై రేకు నడుమను, ప్రక్క రేకుల నడుమను ముదురు గోధుమ రంగు చార నిలువుగా సాగియుండును. సంచియు పసుపే.

ఈ మొక్క విశేషమేమనగా, మన దేశములోని తక్కిన పాఫియోపెడిలం జాతులన్నియు ఈశాన్య రాష్ట్రములలోను, హిమాలయ పాద ప్రదేశములలోను ఉన్నవి. దక్షిణాదిన ఇది ఒక్కటే. దీని బంధువులకును దీనికిని నడుమ సుమారు రెండువేల కిలోమీటర్ల దూరము కలదు. ప్రపంచములో మరెక్కడను ఇది స్వతస్సిద్ధముగా పెరుగదు. ఆ కొండలపై అంతరించినచో దాని అడవి వంశము అంతటితో ముగిసినట్లే.

పేరు తేలుట ఎందుకు ముఖ్యము?

1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు చలిదేశముల చెప్పుపూవునకు సిప్రిపీడియం అను ప్రజాతి పేరు పెట్టినాడు. తరువాత ఉష్ణదేశములలో దొరకిన చెప్పుపూవులను కూడ శాస్త్రజ్ఞులు ఆ పేరుక్రిందనే చేర్చుచు వచ్చినారు. 1865లో తిరువాన్కూరు కొండలలో కర్నల్ డ్రూరీ అను అధికారికి ఈ పసుపు పూవు దొరకినది. చెన్నపట్నపు ప్రభుత్వ అటవీశాఖలో ఉన్నతోద్యోగిగా నుండిన బెడ్డోం దొర దీనిని వర్ణించి, 1874లో డ్రూరీ పేరిట సిప్రిపీడియం డ్రూరియై అని ప్రకటించినాడు.

1886లో జర్మనీ దేశపు ఫిట్జర్ పండితుడు ఉష్ణదేశపు చెప్పుపూవులు వేరు ప్రజాతియని నిర్ణయించి వానికి పాఫియోపెడిలం అను పేరు పెట్టినాడు. సిప్రిపీడియం ఆకులు మడతలు పడి పలుచగా నుండి, చలికాలమున ఎండిపోవును. పాఫియోపెడిలం ఆకులు తోలువలె నుండి ఏడాది పొడవున పచ్చగా నుండును. 1892లో స్టైన్ అను శాస్త్రజ్ఞుడు మన పసుపు పూవును ఈ క్రొత్త ప్రజాతిలోనికి మార్చినాడు. నేటికిని ఆ పేరే చెల్లుచున్నది. చెప్పుపూవుల తెగలో ఇప్పుడు ఐదు ప్రజాతులు లెక్కకు వచ్చుచున్నవి. వానిలో మూడు అమెరికా ఖండములకు చెందినవి. అందు ఒకటియైన మెక్సిపీడియం 1992లోనే వేరుపడినది.

ఈ పేర్ల మార్పు పండితుల వినోదమని మీరనుకొనవద్దు. గ్రామాధికారులకు ఈ సంగతి సులభముగా బోధపడును. రీసర్వేలో సర్వే నంబరు మారును, సబ్ డివిజన్ పడును. భూమి మాత్రము అదే. అయినను క్రొత్త నంబరు అడంగలులో ఎక్కకపోయినచో ఆ భూమిని కాపాడుకొనుట కష్టము. మొక్కల విషయమును అంతే. చట్టము పేరును పట్టుకొని నడచును. పేరు లేని మొక్కను ఏ పట్టికలోను చేర్చలేరు.

ప్రజాతి వేరుగా నిలచుటవలన ఇంకొక మేలు కలిగినది. పూవు లేని వేళ ఆకును చూచి ఇది ఏ పాఫియోపెడిలం జాతియో చెప్పుట పండితులకే కష్టము. రేవులో సోదా చేయు ఉద్యోగికి అది అసాధ్యము. కొన్ని జాతులను నిషేధించి కొన్నిటిని విడిచినచో, నిషిద్ధమైన మొక్కను అనుమతించిన మొక్క పేరుతో దాటించివేయుదురు. ప్రజాతి మొత్తమును ఒకే పంక్తిలో నిషేధించినచో ఆ సందు మూతపడును. ఈ కట్టుబాటు అట్లే జరిగినది.

మొక్క ఎట్లు తరిగినది?

డ్రూరీ తరువాత ఈ మొక్క చాలకాలము అడవిలో అరుదుగానే కంటబడినది. 1970 దశకములో కొండలపై మరల గుర్తించబడిన పిమ్మట, పూల వ్యాపారమునకై దీనిని విచ్చలవిడిగా పెరికివేసినారు. గడ్డి వాలులపై రేగు మంటలు మిగిలినవానిని దెబ్బతీసినవి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి తన ఎర్ర పట్టికలో దీనిని అతి తీవ్ర ప్రమాదమున నున్న జాతిగా చేర్చినది. అడవిలో పూర్తిగా అంతరించుటకు అది ఒక్క మెట్టు ముందున్న స్థితి. తక్కినవాని గతియు మెరుగుగా లేదు. ఆసియా ఉష్ణమండలపు చెప్పుపూవులలో 84 జాతులను ఆ సంస్థ పరిశీలించి, నూటికి 99 వంతులు అంతరించు ప్రమాదమున ఉన్నవని 2015లో ప్రకటించినది.

అరుదైన కొలది ధర పెరుగును, ధర పెరిగిన కొలది మొక్క మరింత అరుదగును. ఈ మొక్కల కీడంతయు ఈ చక్రములో నున్నది. 1857లో ఇంగ్లండులో మొదటిసారి పూచిన పాఫియోపెడిలం ఫెయిర్రియేనం అను హిమాలయపు జాతి, తరువాత తోటలలో నశించి ఎక్కడ పెరుగునో తెలియకపోయినది. దానిని మరల తెచ్చినవారికి సాండర్ అను పూలవర్తకుడు వేయి పౌనులు బహుమానము ప్రకటించినాడు. 1905 నాటికి అది భూటాన్ ప్రాంతమున దొరకినది. వియత్నాములో దొరకిన ఒక చెప్పుపూవునకు 1999లో పేరు పెట్టగా, కొద్ది సంవత్సరములలోనే దాని అడవి మొక్కలను దాదాపు పూర్తిగా తవ్వివేసినారు. అందుచేతనే క్రొత్త జాతులను ప్రకటించు శాస్త్రజ్ఞులు పలువురు ఇప్పుడు మొక్క దొరకిన చోటును వ్రాయుట మానినారు.

ఇట్లు తవ్విన మొక్క త్వరగా తిరిగి రాదు. ఆర్కిడ్ విత్తనము ధూళివంటిది. వరి గింజలో మొలకకు తిండి నిల్వయుండును; ఆర్కిడ్ విత్తనమున అట్టి నిల్వ లేదు. నేలలోని ఒక విధమైన శిలీంధ్రము ఆహారము అందించిననే అది మొలచును. మొలచిన మొక్క పూతకు వచ్చుటకు నాలుగైదు సంవత్సరములు, కొన్నిటికి అంతకంటె ఎక్కువ పట్టును. ఒక గంటలో పెరికినది తిరిగి పెరుగుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో మీరే లెక్కవేసికొనుడు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

అంతరించు జాతుల అంతర్జాతీయ వాణిజ్యమును నియంత్రించు ఒడంబడికలో మన దేశము 1976లో చేరినది. ఈ ఒడంబడికలో పాఫియోపెడిలం ప్రజాతి మొత్తమును 1990లో మొదటి అనుబంధమున చేర్చినారు. అనగా అడవినుండి తీసిన మొక్కతో దేశదేశముల మధ్య వ్యాపారము నిషిద్ధము. కృత్రిమముగా పెంచిన మొక్కలకు అనుమతి పత్రములతో మార్గము కలదు.

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించి మొక్కలను గూడ అందు చేర్చినారు. ఆనాడు ఆరవ షెడ్యూలులో చేరినవి ఆరు మాత్రమే: బెడ్డోం సైకాడ్, నీలి వాండా, ఎర్ర వాండా, కుష్ఠ మొక్క, కీటకములను పట్టు కూజా మొక్క, పాఫియోపెడిలం చెప్పుపూవులు. 2022 సవరణతో షెడ్యూళ్లు మారి, మొక్కల పట్టిక మూడవ షెడ్యూలుగా మరికొన్ని మొక్కలతో పెరిగినది. ఈ మొక్కలను అడవినుండి కోయుట, పెరుకుట, అమ్ముట నేరము. సాధారణ నేరములకు మూడు సంవత్సరముల వరకు కారాగారము, 2022 సవరణ ప్రకారము లక్ష రూపాయల వరకు జరిమానా కలవు. గిరిజన సోదరులు తాము నివసించు జిల్లాలో తమ స్వంత వాడకమునకై తీసికొనుటకు చట్టము మినహాయింపు ఇచ్చినది. లైసెన్సు లేక సాగుచేయుట, వ్యాపారము చేయుట కూడ నిషిద్ధము. ఈ చివరి మాటను గుర్తుంచుకొనుడు. చట్టము సాగును పూర్తిగా మూసివేయలేదు, లైసెన్సు అను ద్వారమును ఉంచినది.

నిషేధము ఒక్కటే చాలునా?

కొనువాని కోరికను నిషేధము చంపలేదు. చెప్పుపూవును కోరువారు ప్రపంచమంతట ఉన్నారు. అనుమతించిన మొక్క దొరకనిచోట వారు దొంగమొక్కను వెదకుదురు. కొండపై కాపలాదారు ఒక్కడే, కొండ పెద్దది. మంచి విత్తనము దొరకని ఏట నకిలీ విత్తనము ఊరూర తిరుగుట మీరెరుగనిది కాదు. మంచి విత్తనమును కావలసినంత అందించుటయు, నకిలీని పట్టుకొనుటయు కలసి నడచినపుడే ఫలితము కనబడినది. పూవుల విషయమున వేరు న్యాయము లేదు.

సాగు అసాధ్యము కాదని శాస్త్రము చూపినది. శిలీంధ్రము లేకనే, చక్కెరయు లవణములును కలిపిన జిగురు మాధ్యమముపై సీసాలో ఆర్కిడ్ విత్తనములను మొలిపింపవచ్చునని అమెరికాకు చెందిన నడ్సన్ పండితుడు 1922లో నిరూపించినాడు. తిరువనంతపురము జిల్లా పాలోడులో 1979లో స్థాపించిన ఉష్ణమండల వృక్షశాస్త్రోద్యానమువారు మన డ్రూరియైను ప్రయోగశాలలో పెంచి, కొన్ని మొక్కలను తిరిగి అగస్త్యమల కొండలపై నాటినారు. చెప్పుపూవులు ఇతర ఆర్కిడ్లవలె కణజాలవర్ధనమునకు సులభముగా లొంగవు. కావున విత్తనమే వీనికి ముఖ్యమైన దారి. తోటలలో సంకరణ చేసిన చెప్పుపూవు 1869లోనే పూచినది. నేడు సంకర రకములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. అందము కోరువానికి అడవి మొక్కయే కావలెనను అవసరము లేదు.

దీనికొక ఆక్షేపణ కలదు, అది బలమైనదే. నారుమడికి అనుమతి ఇచ్చినచో అడవి మొక్కను నారుమడి మొక్కయని అమ్మరా? అమ్మజూచువారు ఉందురు. కాని ఆనవాళ్లు కలవు. సీసాలో పెరిగిన మొక్కలన్నియు ఇంచుమించు ఒకే ఈడు, ఒకే పరిమాణమున నుండును. ఆకులు శుభ్రముగా నుండును. కొండనుండి పెరికిన మొక్కకు వేళ్లు తెగి, ఆకులపై పురుగు కాట్లు, నాచు మచ్చలు, ఎండదెబ్బలు ఉండును. పరిమాణములు ఎగుడుదిగుడుగా నుండును. తల్లిమొక్కకు లెక్క, సీసాకు నంబరు, అమ్మకమునకు రసీదు ఉండవలెనని నియమము పెట్టి, ఏటేట తనిఖీ చేసినచో మోసము చాలవరకు అరికట్టవచ్చును. ధృవీకరణ విత్తనపు సంచికి చీటీ కుట్టుట మనకు క్రొత్త గాదు.

మరియొక మాట. నారుమడి లాభము కొండప్రజలకు కూడ చేరవలెను. ఆ కొండలలో కాణి గిరిజనులు నివసించుచున్నారు. ఆరోగ్యపచ్చ యను మొక్క గుణమును వారు తెలుపగా, పాలోడు సంస్థవారు దానితో ఔషధము తయారుచేసి, 1990 దశకములో వచ్చిన ప్రతిఫలములో సగము కాణివారికి పంచుటకు ఒప్పుకొనినారు. చెప్పుపూవు నారుమళ్లలోను అట్టి వాటా ఉండవలెనని నా అభిప్రాయము. కొండపై మొక్క నిలచుటవలన తనకు నాలుగు రాళ్లు వచ్చునని తెలిసినవాడు, దానిని పెరుక వచ్చినవానికి త్రోవ చూపడు.

మన శేషాచలపు పెరిత

డ్రూరియైకు పేరు పెట్టిన బెడ్డోం దొర పేరిటనే 1883లో ఒక మొక్కకు సైకాస్ బెడ్డోమై అను నామకరణము జరిగినది. మనవారు దానిని పెరిత అందురు. అది తిరుమల, కడప కొండలలో తప్ప ప్రపంచమున మరెక్కడను స్వతస్సిద్ధముగా పెరుగదు. చూచుటకు పొట్టి ఈతచెట్టువలె నుండును. మగ, ఆడ మొక్కలు వేరు. మగ మొక్క శంకువును మందులకై కోసి అమ్ముదురు. మగ శంకువులు పోయినచో పుప్పొడి ఉండదు, పుప్పొడి లేక ఆడ మొక్కకు విత్తనము పట్టదు. అగస్త్యకూటమున మొక్కనే పెరికినారు. ఇచ్చట మొక్కను నిలిపియే వంశమును కోసివేయుచున్నారు. రెండును ఒకే చట్టపు పట్టికలోనివి. డ్రూరియై విషయమున మనము చేయగలది స్వల్పము. పెరిత విషయమున చేయగలది చాల కలదు.

మీరు చేయదగినవి

1. అలంకారపు మొక్కలు కొనునపుడు చెప్పుపూవు ఏదైనను కనబడినచో అమ్మువాని లైసెన్సును, మొక్క పుట్టుకను తెలుపు కాగితమును అడుగుడు. లేనిచో కొనవద్దు. ఫోనులో వచ్చు ప్రకటనలకును ఇదే నియమము.

2. కొండలపై అరుదైన మొక్క కంటబడినపుడు ఫొటో తీసికొనవచ్చును. కాని ఆ చోటు తెలియునట్లు ఫోనులో నలుగురికి పంపవద్దు. అటవీశాఖవారికి మాత్రము తెలుపుడు.

3. శేషాచలపు గ్రామములవారు పెరిత శంకువులను కోయువారికి, కొనువారికి తోడ్పడవద్దు. గ్రామాధికారులు సంత రోజులలో మూలికల అంగళ్లపై దృష్టి ఉంచవలెను.

4. వేసవిలో కొండ గడ్డికి నిప్పు పెట్టుట మాన్పింపుడు. ఇది అన్ని కొండలకును వర్తించును.

5. పూలసాగునందు ఆసక్తి గలవారు సంకర ఆర్కిడ్లతో ప్రారంభించుట మంచిది. రక్షిత జాతులను పెంచదలచినచో ముందుగా అటవీశాఖ లైసెన్సు పొందవలెను.

ప్రభుత్వమువారికి నా మనవి ఒకటే. లైసెన్సు ద్వారము చట్టములో ఉన్నది. దానిని సామాన్య నారుమడిదారునకు అందుబాటులోనికి తెండు. దరఖాస్తు తెలుగులో ఉండవలెను, గడువులోపల జవాబు రావలెను, సీసా మొలకలు ప్రభుత్వ ప్రయోగశాలలనుండి సరసమైన ధరకు దొరకవలెను. పెరితకు కూడ విత్తనపు నారుమళ్లు పెట్టి, కొండ అంచు గ్రామములవారికి ఆ పని అప్పగింపవలెను. రైతు చేతికి వచ్చిన మొక్క అంత తేలికగా అంతరించదు. మిరప, వేరుశెనగ ఎక్కడో దూరదేశపు నేలలపై పుట్టినవే, మన రైతు చేతిలో పడి ఈ దేశమున నిలచినవి. అట్టి చేతులకు ఈ పనిని చట్టబద్ధముగా అప్పగించుట అవసరము.